దుకాణం దాకా చేరని పాటలు: 1970ల పాప్, గ్లామ్ రాక్ ఆల్బమ్‌ల రెండో రాక

1970ల నాటి అమెరికన్, బ్రిటిష్ పాప్ సంగీతం నుంచి "మరుగునపడిన ఆణిముత్యం" అనే ముద్రతో ఏటా కొన్ని ఆల్బమ్‌లు మళ్లీ విడుదలవుతున్నాయి. ఆ ముద్ర చెప్పకనే ఒక కథ చెబుతుంది: ఆనాటి శ్రోతలు వాటిని విన్నారు, వాటి గొప్పతనం గ్రహించలేకపోయారు, ఆ తర్వాతి తరానికి అది తెలిసివచ్చింది. వినడానికి ఇంపుగా ఉండే ఈ కథ చాలా ఆల్బమ్‌ల విషయంలో నిలబడదు. శ్రోతలు విని పక్కన పెట్టినవి వాటిలో కొద్ది. ఎక్కువ భాగం అసలు వాళ్ల చేతికే అందలేదు. పంపిణీ ఒప్పందం బెడిసికొట్టడం, కంపెనీ దివాలా తీయడం, మేనేజరు లెక్కల్లో డబ్బు మాయం కావడం, ప్రచారం వికటించడం వంటి మామూలు వ్యాపార కారణాలే వాటిని తొక్కిపెట్టాయి. అవి తిరిగి వెలుగు చూడటం వెనుక కూడా పాత రికార్డుల కోసం గాలించినవాళ్లూ, పాడైన టేపులను బాగుచేసినవాళ్లూ, హక్కుల కోసం ఉత్తరాలు రాసినవాళ్లూ ఉన్నారు.

పంపిణీ అనే మాటకు ఇంత బరువు ఎందుకో తెలుగు శ్రోతకు కొంచెం వివరించాలి. ఆ దశాబ్దంలో మన దగ్గర రికార్డు అంటే ప్రధానంగా సినిమా పాటలే. పాటకు ప్రచారం సినిమా చేసిపెట్టేది, రేడియో దాన్ని ఊరూరా చేర్చేది. అమెరికాలో, బ్రిటన్‌లో ఆల్బమ్ తన కాళ్ల మీద తానే నిలబడాల్సిన సరుకు. పత్రికలో సమీక్ష వచ్చిన వారంలో, స్థానిక రేడియో స్టేషన్ ఆ పాట వేస్తున్న రోజుల్లో, పక్క వీధి దుకాణంలో ఆ రికార్డు దొరకాలి. దొరక్కపోతే కొనాలనుకున్నవాడు మరొకటి కొనుక్కుని ఇంటికి వెళతాడు. ఆ అదను మళ్లీ రాదు.

ఇందుకు మెంఫిస్ నగరానికి చెందిన బిగ్ స్టార్ బృందాన్ని మించిన ఉదాహరణ లేదు. అలెక్స్ చిల్టన్, క్రిస్ బెల్, ఆండీ హమ్మెల్, జోడీ స్టీఫెన్స్ అందులో సభ్యులు. చిల్టన్ అప్పటికే పేరున్నవాడు. బాక్స్ టాప్స్ గాయకుడిగా పదహారేళ్ల వయసులో అతడు పాడిన "ద లెటర్" 1967లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆర్డెంట్ స్టూడియో యజమాని జాన్ ఫ్రై ఈ కుర్రాళ్లకు రాత్రిళ్లు స్టూడియో తాళాలు ఇచ్చి, పరికరాలు వాడటం దగ్గరుండి నేర్పాడు. బృందానికి పేరు కూడా స్టూడియో ఎదుటనున్న కిరాణా దుకాణం నుంచి వచ్చింది. 1972లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ "నంబర్ వన్ రికార్డ్"ను సమీక్షకులు మెచ్చుకున్నారు. మొదటి విడతలో పది వేల ప్రతులు కూడా అమ్ముడుపోలేదని చెబుతారు.

కారణం సంగీతంలో లేదు. ఆర్డెంట్ లేబుల్ రికార్డులను పంపిణీ చేసేది స్టాక్స్ సంస్థ. ఓటిస్ రెడ్డింగ్, ఐజక్ హేయ్స్ వంటి సోల్ (నల్లజాతి అమెరికన్ల గాత్ర సంగీత శైలి) గాయకులను ప్రపంచానికి ఇచ్చిన గొప్ప సంస్థ అది. అయితే దాని అమ్మకందారులకు తెలిసిన రేడియో స్టేషన్లూ, దుకాణాలూ ప్రధానంగా నల్లజాతి శ్రోతలవి. గిటార్ పాప్ వినే తెల్లజాతి కుర్రకారు దగ్గరికి వెళ్లే దారి దానికి అంతగా అలవాటు లేదు. సమీక్ష చదివి దుకాణానికి వెళ్లినవాళ్లకు రికార్డు దొరకలేదు. 1972లో స్టాక్స్ తన పంపిణీని కొలంబియా సంస్థకు అప్పగించింది. పరిస్థితి బాగుపడాల్సింది పోయి మరింత దిగజారింది. కొలంబియా పాత స్వతంత్ర పంపిణీదారులను పక్కన పెట్టింది. ఒప్పందం కుదిర్చిన క్లైవ్ డేవిస్‌ను 1973 మే నెలలో సంస్థ తొలగించింది. ఆ తర్వాత స్టాక్స్ సరుకును పట్టించుకునే పెద్ద తలకాయ అక్కడ లేకుండా పోయింది. నిరాశలో మునిగిన క్రిస్ బెల్ అప్పటికే బృందం వదిలేశాడు.

మిగిలిన ముగ్గురూ చేసిన రెండో ఆల్బమ్ "రేడియో సిటీ" 1974లో వచ్చింది. ఈ వ్యాసంలో ప్రస్తావించే ఆల్బమ్‌లన్నింటిలో ముందుగా వినదగ్గది ఇదే. తొలి ఆల్బమ్‌లో బెల్ చెక్కిన నున్నదనం ఇందులో లేదు. గిటార్ మీటు పదునుగా, అంచులు గీసుకుపోయేలా ఉంటుంది. డ్రమ్స్ లయ ఒక్కోచోట తడబడినట్టే అనిపించి, సరిగ్గా చరణం మలుపు దగ్గర వచ్చి కలుస్తుంది. "సెప్టెంబర్ గర్ల్స్" మూడు నిమిషాలైనా లేని పాట. ప్రేమ, చేజారిన ప్రేమ, దాని మీద అలక, మూడూ అందులో ఒకే గొంతులో వినిపిస్తాయి. అట్ట మీది ఫొటో విలియం ఎగిల్‌స్టన్ తీసింది: ఎర్ర రంగు పూసిన పైకప్పు, మధ్యలో ఒక బల్బు. రంగుల ఫొటోగ్రఫీ చరిత్రలో ఆ చిత్రానికి ఇప్పుడున్న స్థానం తెలిసినవాళ్లకు, అది అమ్ముడుపోని రికార్డు అట్టగా దుకాణాల వెనుక గదుల్లో పడి ఉండటం బాధ కలిగిస్తుంది. 1975 డిసెంబరులో స్టాక్స్‌ను రుణదాతలు దివాలా కోర్టుకు లాగారు. 1974లోనే జిమ్ డికిన్సన్ నిర్మాణంలో రికార్డు చేసిన మూడో ఆల్బమ్‌ను ఏ కంపెనీ తీసుకోలేదు. అది 1978 దాకా విడుదలకే నోచుకోలేదు. అదే ఏడాది డిసెంబరులో క్రిస్ బెల్ కారు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతడి వయసు 27.

మరి ఈ పాటలు బతికి ఎలా బట్టకట్టాయి? రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది విమర్శకులది. 1973 మే నెలలో మెంఫిస్‌లో రాక్ సంగీత రచయితల సమావేశం ఒకటి జరిగింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన రచయితల ముందు బిగ్ స్టార్ వాయించింది. జనానికి దొరకని ఆ రికార్డు, సమీక్ష కోసం పంపే ఉచిత ప్రతుల రూపంలో, రాసేవాళ్ల ఇళ్లలో మాత్రం ఉంది. వాళ్లు ఏళ్ల తరబడి దాని గురించి రాస్తూనే వచ్చారు. రెండో దారి అమ్ముడుపోని సరుకుది. కంపెనీలు మిగిలిపోయిన రికార్డుల అట్టకు ఒక మూల కత్తిరించో, చిల్లు పొడిచో, నామమాత్రపు ధరకు వదిలించుకునేవి. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న కుర్రాళ్లు ఆ చౌక పెట్టెల్లో వెతుక్కునేవారు. 1970ల చివర్లో అలా సంగీతం పోగుచేసుకున్నవాళ్లే 1980ల్లో బృందాలు కట్టారు. ఆర్.ఈ.ఎమ్. సభ్యులు బిగ్ స్టార్ పేరు ఇంటర్వ్యూల్లో చెబుతూ వచ్చారు. బ్యాంగిల్స్ 1986లో "సెప్టెంబర్ గర్ల్స్" పాడారు. రీప్లేస్‌మెంట్స్ 1987లో ఏకంగా "అలెక్స్ చిల్టన్" అనే పాటే కట్టారు, అదీ ఆర్డెంట్ స్టూడియోలో, డికిన్సన్ నిర్మాణంలో. 1992లో మూడో ఆల్బమ్, క్రిస్ బెల్ వదిలివెళ్లిన పాటలు సీడీలుగా వచ్చాయి. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో బిగ్ స్టార్ ఆల్బమ్‌లు మూడూ చోటు చేసుకున్నాయి.

బిగ్ స్టార్‌ను చంపింది మౌనమైతే గ్లామ్ రాక్ గాయకుడు జోబ్రయత్‌ను చంపింది రొద. ఇక్కడికి రావాలంటే గ్లామ్ రాక్ గురించి నాలుగు మాటలు కావాలి. 1971 మార్చిలో బీబీసీ "టాప్ ఆఫ్ ద పాప్స్" కార్యక్రమంలో టీ రెక్స్ గాయకుడు మార్క్ బోలన్ కళ్ల కింద మెరుపు పొడి అద్దుకుని "హాట్ లవ్" పాడటంతో ఈ ధోరణి మొదలైందని చెప్పడం పరిపాటి. 1972 జూలైలో అదే కార్యక్రమంలో డేవిడ్ బౌవీ "స్టార్‌మన్" పాడాడు. ఎత్తు మడమల బూట్లు, తళుకుల దుస్తులు, మగా ఆడా అనే గీతను చెరిపేసే అలంకరణ, చప్పట్లతో కలిసి పాడుకోగలిగే పల్లవులు దీని లక్షణాలు. బ్రిటన్ దీనికి దాసోహం అంది. అమెరికా అనుమానంగా చూసింది.

ఆ అమెరికాలోనే, తాను స్వలింగ ప్రేమికుడినని దాచకుండా ప్రకటించుకుని పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న తొలి రాక్ గాయకుల్లో జోబ్రయత్ ఒకడు. 1946లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. పియానోలో శాస్త్రీయ శిక్షణ ఉంది. లాస్ ఏంజెలెస్‌లో "హెయిర్" సంగీత నాటకంలో నటించాడు. మేనేజరు జెర్రీ బ్రాండ్ట్ అతడిని ఎలెక్ట్రా సంస్థకు తీసుకెళ్లి, ఐదు లక్షల డాలర్ల ఒప్పందం కుదిరిందని ఊరూవాడా చాటాడు. 1973లో తొలి ఆల్బమ్ రాకముందే న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ కూడలిలో భారీ బోర్డు వెలిసింది. బస్సుల మీద పోస్టర్లు, పత్రికల్లో నిండు పేజీ ప్రకటనలు వచ్చాయి. పారిస్ ఒపెరా హౌస్‌లో అట్టహాసంగా తొలి ప్రదర్శన అని ప్రకటించి, ఖర్చు భరించలేక రద్దు చేశారు. పాట వినకముందే జనానికి పేరు మొహం మొత్తింది. విమర్శకులు బోర్డును సమీక్షించారు, బౌవీకి నకలు అన్నారు. ఆ మాటల వెనుక స్వలింగ ప్రేమికుల పట్ల ఏవగింపు ఎంత ఉందో ఆనాటి రాతల ధోరణిలోనే తెలుస్తుంది. ఆరు నెలల తేడాతో 1974లో రెండో ఆల్బమ్ "క్రియేచర్స్ ఆఫ్ ద స్ట్రీట్" వచ్చింది. దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. కొద్దికాలానికే అతడు రాక్ సంగీతం నుంచి తప్పుకుని, న్యూయార్క్ చెల్సీ హోటల్‌లో ఉంటూ మారుపేరుతో చిన్న వేదికల మీద పియానో వాయించి పాడేవాడు. 1983 ఆగస్టులో ఎయిడ్స్‌తో మరణించాడు.

ఆ తొలి ఆల్బమ్‌ను ప్రచారం సంగతి మరిచి వింటే బౌవీ పోలిక నిలవదు. జోబ్రయత్ కుదురు గిటార్‌లో లేదు, పియానోలో ఉంది. నాటకరంగపు పాటల్లో లాగా ఒక్కో పాట తన పాత్రను పరిచయం చేసి, స్థాయి పెంచి, వాద్యబృందంతో ముగుస్తుంది. "మార్నింగ్ స్టార్ షిప్"లో స్వరాలు ఎక్కడికి మలుపు తిరుగుతాయో ముందుగా ఊహించలేం. కొన్నిచోట్ల గొంతు మరీ బిగుసుకుపోయిన మాట నిజమే. రాక్ పాటలు అనిపించుకోవాలని తొందరపడ్డవి మిగతావాటి కంటే తేలికగా ఉన్నాయి. నెమ్మది పాటల్లో మాత్రం, ఆ తరానికి చెందిన ఎందరో ప్రముఖుల కంటే సాహసం కనిపిస్తుంది. గాయకుడు మోరిసీ 1992లో తన సంగీత యాత్రలో ముందుగా పాడటానికి జోబ్రయత్‌ను పిలవాలని వాకబు చేస్తే, అతడు చనిపోయి తొమ్మిదేళ్లయిందని తెలిసింది. 2004లో మోరిసీ చొరవతో ఒక సంకలనం, 2012లో ఒక డాక్యుమెంటరీ వచ్చాయి.

మూడో రకం మరణం కోర్టు కాగితాల వల్ల వచ్చింది. బ్రిటన్‌కు చెందిన బ్యాడ్‌ఫింగర్ బృందం 1974 చివర్లో వార్నర్ సంస్థకు "విష్ యు వర్ హియర్" అనే ఆల్బమ్ చేసింది. నిర్మాత క్రిస్ థామస్. బృందం చేసినవాటిలో ఇదే అత్యుత్తమమని చాలామంది అభిమానుల తీర్పు, అది సమంజసమైన తీర్పు. మేనేజరు స్టాన్ పోలీ అధీనంలోని ఖాతాలో ఉండాల్సిన ముందస్తు సొమ్ము జాడ తెలియక వార్నర్ ప్రచురణ విభాగం దావా వేసింది. కొన్ని వారాలకే రికార్డును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. బృందం వెంటనే రికార్డు చేసిన మరో ఆల్బమ్ "హెడ్ ఫస్ట్" 2000 దాకా బయటికే రాలేదు. చేతిలో పైసా లేని స్థితిలో ముఖ్య గీతకర్త పీట్ హామ్ 1975 ఏప్రిల్‌లో, 27 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. ఇలాంటి ఆల్బమ్‌ను "ఆనాటి శ్రోతలు ఆదరించలేదు" అనడం శ్రోతల మీద వేసే అన్యాయమైన నింద.

ఈ మూడు కథలకూ నేపథ్యంగా ఒక పెద్ద కారణం కూడా ఉంది. 1973 అక్టోబరులో మొదలైన చమురు సంక్షోభం రికార్డుల తయారీని నేరుగా దెబ్బతీసింది. రికార్డుకు వాడే పీవీసీ ప్లాస్టిక్ చమురు నుంచి వచ్చేదే. ముడిసరుకు కరువైనప్పుడు కంపెనీలు అమ్ముడవుతాయని తెలిసిన పేర్లకే దాన్ని కేటాయించాయి. బ్రిటన్‌లో 1974 జనవరి నుంచి మార్చి దాకా విద్యుత్ పొదుపు కోసం పరిశ్రమలకు వారానికి మూడు రోజుల పనే అనుమతించారు. కొత్త బృందం తొలి ఆల్బమ్ విడుదలకు అంతకంటే చెడ్డ సమయం దొరకదు.

గ్లామ్ విషయంలో విమర్శకుల పాత్రనూ దాటవేయకూడదు. ఆనాటి గంభీర సంగీత పత్రికలకు ఆల్బమ్ కళ, సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) వ్యాపారం. పదమూడు, పద్నాలుగేళ్ల అమ్మాయిలు ఎగబడి కొనే సంగీతంలో ఆలోచించదగ్గది ఉండదని వాటి ధీమా. 1976లో పంక్ అనే కరుకైన, సాదా రాక్ ధోరణి వచ్చాక, అంతకుముందు అంతా శూన్యమే అన్నట్టు చరిత్ర రాశారు. పంక్ బృందాల్లోని కుర్రాళ్లు గ్లామ్ రికార్డులు వింటూ పెరిగారన్న సంగతి చాలాకాలం అడుగున పడిపోయింది. దాన్ని పైకి తెచ్చింది పాత సామాన్ల దుకాణాల్లో సింగిల్స్ ఏరిన సేకర్తలు. ఒక్క సింగిల్ వేసి కనుమరుగైన డజన్ల కొద్దీ బృందాల రికార్డులు అక్కడ చిల్లర డబ్బులకు దొరికేవి. ఆర్.పి.ఎమ్. లేబుల్ 2003లో "వెల్వెట్ టిన్‌మైన్" పేరుతో అలాంటి 20 పాటల సంకలనం తెచ్చింది. స్కాట్లండ్‌కు చెందిన ఐరన్ వర్జిన్ బృందం పాట "రెబెల్స్ రూల్" చాలామందికి అలాగే తెలిసింది. అదే లేబుల్ అదే ఏడాది గ్లామ్ గాయకుడు బ్రెట్ స్మైలీ ఆల్బమ్‌నూ విడుదల చేసింది. రోలింగ్ స్టోన్స్ మాజీ మేనేజర్ ఆండ్రూ లూగ్ ఓల్డ్‌హామ్ నిర్మాణంలో తయారై, 1974లో ఒక్క సింగిల్ తర్వాత అటకెక్కిన ఆల్బమ్ అది. దాదాపు ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన తొలి ఆల్బమ్.

పునర్విడుదల అంటే పాత రికార్డును మళ్లీ అచ్చు వేయడం కాదు. మొదట హక్కు ఎవరిదో తేలాలి. చిన్న లేబుల్‌ను పెద్దది కొని, దాన్ని మరో సంస్థ మింగి, యాభై ఏళ్లలో కాగితాలు నాలుగైదు చేతులు మారి ఉంటాయి. 1968 తర్వాతి స్టాక్స్ రికార్డులు 1977లో ఫాంటసీ సంస్థకు, 2004లో దాంతోపాటు కాంకర్డ్‌కు చేరాయి. హక్కుదారు తేలాక టేపు దొరకాలి. 1970ల మధ్య నుంచి వాడిన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. అలాంటి టేపును నేరుగా యంత్రంలో తిప్పితే పొడి ఊడి, ధ్వనిని చదివే యంత్రపు హెడ్‌లకు అంటుకుంటుంది, పాట శాశ్వతంగా పోతుంది. అందుకని టేపును సుమారు 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఉంచి తేమ తీస్తారు. ఆ బాగు తాత్కాలికం. జిగురు మళ్లీ మెత్తబడేలోగా డిజిటల్ ప్రతి తీసుకోవాలి. టేపే లేకపోతే ఎక్కువగా అరగని రికార్డు ఒకటి వెతికి, దాని నుంచి ధ్వని తీసి, చిటపటలు ఒక్కొక్కటిగా తొలగిస్తారు. 2008 జూన్‌లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ ప్రాంగణంలో జరిగిన అగ్నిప్రమాదంలో మాస్టర్ టేపులెన్నో (అసలు రికార్డింగ్ ఉన్న మూల టేపులు) కాలిపోయాయి. వాటి సంఖ్య మీద ఇప్పటికీ వివాదం నడుస్తోంది. ఈ పని చేసేవాళ్ల పేర్లు అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ పేర్లు చదవడం శ్రోత బాధ్యతల్లో ఒకటి.

తిరిగి వచ్చిన ప్రతిదీ గొప్పది కాదన్న మాట కూడా చెప్పి తీరాలి. విషాద గాథ జత అయితే ఆల్బమ్ విలువ తూకంలో పెరుగుతుంది. బిగ్ స్టార్ మూడో ఆల్బమ్‌నే తీసుకుంటే, కుప్పకూలుతున్న మనిషి డైరీగా దానికి వచ్చిన కీర్తి "రేడియో సిటీ"ని కప్పేసింది. అందులో "హోలోకాస్ట్", "కంగా రూ" వంటి పాటలు భయపెట్టేంత నిజాయితీ గలవి. అయితే పాటల వరుస ఇది అని ఎవరూ ఖరారు చేయని ఆల్బమ్ అది. ఒక్కో విడుదలలో ఒక్కో క్రమం, ఒక్కో ఎంపిక. దాన్ని పూర్తయిన శిల్పంగా పొగిడేవాళ్లు కథను వింటున్నారు, రికార్డును తక్కువ వింటున్నారు. సింగిల్స్ సంకలనాల్లోనూ అంతే. ఇరవై పాటల్లో ఐదారు నిజంగా ఉరకలేయిస్తాయి. మిగతావి ఆ కాలపు మూసలో పోసినవి. ఆ మూసను కూడా తెలుసుకోవడం చరిత్రకు అవసరం, అంతమాత్రాన మూసను ముత్యం అనక్కర్లేదు.

డబ్బు ఎవరికి చేరుతుందన్నది చివరి ప్రశ్న, దానికి ఇప్పుడు చట్టంలో కొంత జవాబు ఉంది. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన ఆదేశాన్ని బ్రిటన్ 2013 నవంబరు నుంచి అమలు చేస్తోంది. దాని ప్రకారం విడుదలైన సంగీత రికార్డింగ్‌ల మీద హక్కు 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెరిగింది. పెంపుతోపాటు రెండు షరతులు వచ్చాయి. 50 ఏళ్లు నిండిన రికార్డింగ్‌ను కంపెనీ తగినన్ని ప్రతులు అమ్మకుండా, ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచకుండా అటకెక్కిస్తే, కళాకారుడు నోటీసు ఇచ్చి, ఏడాదిలోగా స్పందన రాకపోతే తన హక్కులు తాను వెనక్కి తీసుకోవచ్చు. స్టూడియోలో రోజు కూలి తరహాలో ఒక్కసారి డబ్బు తీసుకుని వాయించి వెళ్లిపోయిన వాద్యకారుల కోసం, ఆ పెరిగిన కాలంలో రికార్డు అమ్మకాల మీద వచ్చే ఆదాయంలో 20 శాతం కంపెనీలు పక్కన పెట్టాలి. గ్లామ్ సింగిల్స్‌లో వినిపించే డ్రమ్స్, గిటార్లు చాలావరకు అలాంటి పేరులేని వాద్యకారులవే. 1974లో బ్రిటన్‌లో విడుదలైన రికార్డింగ్‌లకు 2024 డిసెంబరుతో 50 ఏళ్లు నిండాయి. అటకల మీద మిగిలినవాటి విషయంలో నోటీసు ఇచ్చే హక్కు ఇప్పుడు వాటిని పాడినవాళ్ల చేతిలో ఉంది.